సిమ్యులేటర్ అమరిక: బ్రౌజర్ ఇంజిన్ టెస్టులకు ముందు చేయాల్సిన పని

ఐఫోన్‌లో ఏ వెబ్ పేజీ తెరిచినా దాన్ని చదివి, కొలతలు కట్టి, తెరమీద గీసే ఇంజిన్ దాదాపు ఎప్పుడూ వెబ్‌కిట్టే. సఫారీకే కాదు, ఐఫోన్‌లో నడిచే క్రోమ్‌కూ ఫైర్‌ఫాక్స్‌కూ లోపల ఉండేది అదే. 2024 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 17.4తో ఐరోపా సమాఖ్యలో వేరే ఇంజిన్లకు అనుమతి దొరికినా, ఐఫోన్ వాడేవారిలో ఎక్కువమంది ఇంకా వెబ్‌కిట్ మీదే ఆధారపడుతున్నారు. అలాంటి ఇంజిన్‌లో ఒక్క వరుస తప్పుగా మారితే ఎన్ని పేజీలు చెదురుతాయో ఊహించవచ్చు. అందుకే వెబ్‌కిట్ కోడ్‌తో పాటే ‘లేఔట్ టెస్టులు’ అనే వేలాది చిన్న పేజీలు ఉంటాయి. మార్పు జరిగిన ప్రతిసారీ వాటన్నిటినీ కళ్లతో చూడటం మనిషి వల్ల కాదు కాబట్టి స్క్రిప్టు నడిపిస్తుంది. ఐఓఎస్ కోసం అవి నడిచే చోటు, మ్యాక్ కంప్యూటర్ మీద పనిచేసే ఐఓఎస్ సిమ్యులేటర్.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవారికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఉదయం పాసైన టెస్టు సాయంత్రం ఫెయిలవుతుంది. పక్క బల్ల మీది మ్యాక్‌లో మాత్రం పాసవుతూనే ఉంటుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. మరి తప్పు ఎక్కడుంది? ఇంజిన్‌లోనా, టెస్టులోనా? రెంటినీ రోజంతా వెతకకముందు చూడాల్సిన మూడో చోటు సిమ్యులేటర్ అమరిక. ఏ ఎక్స్‌కోడ్ (ఆపిల్ యాప్ తయారీ సాధనం), ఏ ఐఓఎస్, ఏ ఫోన్ నమూనా, ఏ సెట్టింగులు అన్నవి ముందే ఖాయం చేయకపోతే, టెస్టు ఇచ్చే జవాబుకు విలువ ఉండదు. పని పెద్దదిగా కనిపించినా, వరుసగా చేసుకుపోతే కష్టమేమీ కాదు. ఒకసారి స్క్రిప్టులో రాసి పెట్టుకుంటే మళ్లీ మళ్లీ చేయాల్సిన అవసరమూ ఉండదు.

1. సిమ్యులేటర్ ఏం చూపగలదో, ఏం చూపలేదో తెలుసుకోవాలి

ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ ఒక వర్చువల్ మెషీన్. అందులో ఆండ్రాయిడ్ తన కెర్నెల్‌తో సహా నడుస్తుంది. ఐఓఎస్ సిమ్యులేటర్ పద్ధతి వేరు. కెర్నెల్ మ్యాక్‌ది, ప్రాసెసర్ మ్యాక్‌ది, మెమరీ మ్యాక్‌ది. వాటి పైన ఉండే ఐఓఎస్ ఫ్రేమ్‌వర్కులు మాత్రం ఐఓఎస్‌వే, సిమ్యులేటర్ కోసం విడిగా కంపైల్ చేసినవి. సిమ్యులేటర్‌లోని ప్రతి ప్రాసెస్ మ్యాక్ యాక్టివిటీ మానిటర్‌లో మామూలు ప్రాసెస్‌లాగే కనిపిస్తుంది.

దీనివల్ల టెస్టులకు మేలూ ఉంది, పరిమితీ ఉంది. పేజీ అమరిక, సీఎస్ఎస్ నియమాలు, జావాస్క్రిప్ట్ ప్రవర్తన, డామ్ మార్పులు లాంటివాటికి సిమ్యులేటర్ ఫలితం చాలావరకు నమ్మదగింది. వేగం సంగతి అలా కాదు. మ్యాక్‌లో ఒక పేజీ ఎంత త్వరగా లోడయిందన్న అంకె ఫోన్ గురించి ఏమీ చెప్పదు. మెమరీ కూడా అంతే: అసలు ఫోన్‌లో మెమరీ తక్కువైతే ఐఓఎస్ ఆ వెబ్ ప్రాసెస్‌ను ఆపేస్తుంది. సిమ్యులేటర్‌కు మ్యాక్ మెమరీ అంతా అందుబాటులో ఉంటుంది కాబట్టి అక్కడ ఆ పరిస్థితి రాదు.

చాలామంది గమనించని తేడా ఫైలు పేర్లలో ఉంది. మ్యాక్ ఫైల్ సిస్టమ్ మామూలుగా ఇంగ్లీషు పెద్దక్షరాలకూ చిన్నక్షరాలకూ తేడా చూడదు, ఐఫోన్ చూస్తుంది. బొమ్మ ఫైలు పేరు పెద్దక్షరంతో మొదలై, పేజీలో దాన్ని చిన్నక్షరంతో పిలిచారనుకుందాం. సిమ్యులేటర్‌లో బొమ్మ చక్కగా వస్తుంది, టెస్టు పాసవుతుంది. అదే యాప్ ఫోన్‌లోకి వెళ్లాక బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ. ఈ రకం తప్పును సిమ్యులేటర్ ఎన్నిసార్లు నడిపినా పట్టుకోదు.

2. ఎక్స్‌కోడ్ ఏదో ముందే తేల్చాలి

సిమ్యులేటర్‌ను టెర్మినల్ నుంచి నడిపే సాధనం ‘సిమ్‌సీటీఎల్’. అది ఎక్స్‌కోడ్‌తో పాటు వస్తుంది, దాన్ని ‘ఎక్స్‌సీరన్’ ద్వారా పిలుస్తారు. ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. మ్యాక్‌లో కమాండ్ లైన్ టూల్స్ మాత్రమే ఎంపికై ఉంటే సిమ్‌సీటీఎల్ దొరకలేదనే సందేశం వస్తుంది. వెంటనే ఎక్స్‌కోడ్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెట్టేవారున్నారు. ఆ అవసరం లేదు. ‘ఎక్స్‌కోడ్-సెలెక్ట్’ కమాండ్‌కు పీ గుర్తు జోడిస్తే ఏది ఎంపికై ఉందో చూపిస్తుంది, ఎస్ గుర్తు జోడించి సరైన ఎక్స్‌కోడ్ దారి ఇస్తే ఎంపిక మారుతుంది.

ఒకే మ్యాక్‌లో రెండు మూడు ఎక్స్‌కోడ్‌లు ఉండటం మామూలే. అయితే సిమ్యులేటర్లను వెనక నుంచి నడిపే కోర్‌సిమ్యులేటర్ సర్వీసును అన్ని ఎక్స్‌కోడ్‌లూ పంచుకుంటాయి. టెస్టులు నడుస్తుండగా ఎవరైనా వేరే ఎక్స్‌కోడ్ తెరిస్తే ఆ సర్వీసు వెర్షన్ మారి, నడుస్తున్న సిమ్యులేటర్లు మధ్యలో తెగిపోవచ్చు. రాత్రి నడిచే టెస్టుల మ్యాక్ మీద పగలు ఎవరో ఎక్స్‌కోడ్ బీటాను ప్రయత్నించి చూడటం వల్ల వచ్చే ఫెయిల్యూర్లు ఇలాంటివే. టెస్టుల మ్యాక్‌ను టెస్టులకే వదిలేయడం అన్నిటికన్నా మంచిది. అది కుదరకపోతే, డెవలపర్ డైరెక్టరీని సూచించే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను స్క్రిప్టు మొదట్లోనే పెట్టి, ఏ ఎక్స్‌కోడ్ వాడాలో అక్కడే ఖాయం చేయాలి. ఎక్స్‌కోడ్ కొత్తగా పెట్టిన మ్యాక్‌లో లైసెన్సు ఒప్పుకోవడం, మొదటిసారి తెరిచినప్పుడు జరిగే అదనపు ఇన్‌స్టలేషన్ పూర్తిచేయడం కూడా కమాండ్లతోనే ముందుగా చేసేయాలి. లేకపోతే నొక్కేవారు లేని డైలాగ్ బాక్సు ముందు బిల్డ్ ఆగిపోతుంది.

3. రన్‌టైమ్‌నూ డివైస్‌నూ పేరుపెట్టి అడగాలి

సిమ్యులేటర్‌లో రన్‌టైమ్ అంటే ఒక నిర్దిష్ట ఐఓఎస్ వెర్షన్. డివైస్ టైప్ అంటే ఫోన్ నమూనా. ఈ రెండూ కలిస్తేనే ఒక సిమ్యులేటర్ తయారవుతుంది. ఇటీవలి ఎక్స్‌కోడ్‌లలో రన్‌టైమ్ విడి డౌన్‌లోడ్, పరిమాణం గిగాబైట్లలో ఉంటుంది. టెస్టులు మొదలయ్యే వేళకు అది మ్యాక్‌లో ఉందో లేదో సిమ్‌సీటీఎల్ ‘లిస్ట్’ కమాండ్‌తో చూసుకోవాలి.

రన్‌టైమ్ వెర్షన్‌కు అంత ప్రాధాన్యం ఎందుకు? అక్షరాలను పేర్చే కోర్‌టెక్స్ట్ లాంటి ఫ్రేమ్‌వర్కులు, ఫాంట్లు రన్‌టైమ్‌తో పాటే వస్తాయి కాబట్టి. తెలుగువారికి ఈ సంగతి 2018 ఫిబ్రవరిలో బాగా తెలిసొచ్చింది. జ, పొల్లు, ఞ, కనిపించని ఒక విభజన గుర్తు, దీర్ఘం ఈ వరుసలో కలిసిన ఒక తెలుగు అక్షరాన్ని తెరమీద గీయబోయి ఆనాటి ఐఓఎస్ 11.2 వెర్షన్లలో సందేశాల యాప్‌లు కుప్పకూలాయి. అదే నెల 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. తప్పు బయటపడింది ఒక అక్షరం దగ్గర, కొన్ని వెర్షన్లలోనే. కొన్ని వెర్షన్లు దాటి పరీక్షించి ఉంటే అది కంటపడేదే కాదు. వెబ్ పేజీలకు టెస్టులు రాసే తెలుగువారు వత్తులూ గుణింతాలూ కలిసిన అక్షరాలతో కొన్ని పేజీలైనా తమ టెస్టుల్లో చేర్చడం, వాటిని వాడుకలో ఉన్న ప్రతి రన్‌టైమ్‌లో నడపడం ఎంతో అవసరం. మన లిపి బాధ్యత ముందుగా మనదే.

డివైస్ తయారుచేయడానికి ‘క్రియేట్’ కమాండ్‌కు ఒక పేరు, డివైస్ టైప్, రన్‌టైమ్ ఇవ్వాలి. బదులుగా అది యూడీఐడీ అనే పొడవాటి గుర్తింపు సంఖ్య ఇస్తుంది. తర్వాతి కమాండ్లన్నిటిలోనూ ఆ సంఖ్యనే వాడాలి. పేరు వాడితే ఏమవుతుంది? ఒకే పేరుతో రెండు డివైస్‌లు ఉండే వీలుంది. ‘బూటెడ్’ అన్న పదం వాడితే నడుస్తున్నవాటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. నడుస్తున్నది ఒక్కటే అయినప్పుడు ఇబ్బంది లేదు, మూడు నడుస్తుంటే ఏది దొరుకుతుందో చెప్పలేం.

నమూనా ఎంపిక కూడా ఆలోచించి చేయాలి. తెర సాంద్రత కొన్ని ఐఫోన్లలో రెండింతలు, మరికొన్నిటిలో మూడింతలు. సన్నని గీతలు, సగం పిక్సెల్ దగ్గర పడే అంచులు ఈ రెంటిలో వేర్వేరుగా గీయబడతాయి. పిక్సెళ్లను పోల్చే టెస్టును ఒక నమూనాలో రికార్డు చేసి మరో నమూనాలో నడిపితే ఫెయిలవడంలో వింతేమీ లేదు.

4. పూర్తిగా లేచేదాకా ఆగాలి

‘బూట్’ కమాండ్ ఇచ్చిన వెంటనే టెర్మినల్ తిరిగి చేతికొస్తుంది. సిమ్యులేటర్ అప్పటికింకా లేస్తూనే ఉంటుంది. ఈ సంగతి తెలియక చాలామంది స్క్రిప్టులో ‘ముప్పై సెకన్లు ఆగు’ అని రాసి ముందుకు పోతారు. కొత్త డివైస్ మొదటిసారి లేచేటప్పుడు సమాచారాన్ని సర్దుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఆ రోజు ముప్పై సెకన్లు చాలవు. సరైన దారి ‘బూట్‌స్టేటస్’. అది డివైస్ నిజంగా సిద్ధమయ్యేదాకా ఆగి, ఆ తర్వాతే స్క్రిప్టును ముందుకు వదులుతుంది. బీ గుర్తు జోడిస్తే డివైస్ ఆగి ఉన్నా తానే బూట్ చేస్తుంది. సిమ్యులేటర్ విండో తెరమీద కనిపించాల్సిన పనిలేదు, విండో లేకుండానే టెస్టులు నడుస్తాయి.

5. సెట్టింగులను ఒక తెలిసిన స్థితికి తేవాలి

ఎక్కువ తలనొప్పులు పుట్టేది ఇక్కడే కాబట్టి ఈ అడుగుకు తీరిక పెట్టుకోవాలి.

కీబోర్డుతో మొదలుపెట్టవచ్చు. సిమ్యులేటర్‌కు మ్యాక్ కీబోర్డు అనుసంధానమై ఉంటే, పేజీలోని టెక్స్ట్ బాక్స్ మీద నొక్కినప్పుడు తెరమీద కీబోర్డు పైకి రాదు. రాకపోతే కనిపించే పేజీ భాగం ఎత్తు తగ్గదు, పేజీ స్క్రోల్ అవదు. కీబోర్డు వచ్చినప్పుడు పేజీ ఎలా సర్దుకోవాలో పరీక్షించే టెస్టు ఒక మ్యాక్‌లో పాసై మరో మ్యాక్‌లో ఫెయిలయితే మొదట చూడాల్సింది ఈ సెట్టింగే. దీన్ని సిమ్యులేటర్ మెనూలో మార్చవచ్చు. టెస్టుల మ్యాక్ మీద మాత్రం ‘డిఫాల్ట్స్ రైట్’ కమాండ్‌తో స్క్రిప్టులోనే ఆపేయడం మేలు.

తర్వాత కాలమానం. సిమ్యులేటర్ మ్యాక్ టైమ్‌జోన్‌నే తీసుకుంటుంది. తేదీలతో పనిచేసే జావాస్క్రిప్ట్ టెస్టును హైదరాబాద్‌లో రాసిన ఇంజనీరు మ్యాక్ భారత కాలమానంలో ఉంటుంది. దాన్ని నడిపే సర్వర్ కాలిఫోర్నియాలో ఉంటే అక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారం గంట ముందుకూ వెనక్కూ జరుగుతుంది, మనకు ఆ అలవాటే లేదు. టెస్టు తన టైమ్‌జోన్‌ను తానే స్పష్టంగా పెట్టుకోకపోతే, ఇక్కడ ఏడాదంతా పాసైనది అక్కడ మార్చిలో ఒక రోజు ఫెయిలవుతుంది. భాష, ప్రాంతం సెట్టింగులకూ ఇదే వర్తిస్తుంది: తేదీ రాసే తీరు, అంకెల మధ్య కామాలు పడే చోటు వాటిని బట్టే మారతాయి.

డార్క్ మోడ్, అక్షరాల పరిమాణం సిమ్‌సీటీఎల్ ‘యూఐ’ కమాండ్‌తో మార్చదగ్గవి. ఇవి మామూలు స్థితిలోనే ఉంటాయని అనుకోకుండా, మొదట్లోనే స్పష్టంగా పెట్టాలి. మొత్తం తెరను స్క్రీన్‌షాట్ తీసి పోల్చే టెస్టులుంటే పైనుండే స్టేటస్ బార్‌లో గడియారం ప్రతిసారీ మారుతుంటుంది. ‘స్టేటస్ బార్ ఓవర్‌రైడ్’తో దాన్ని ఒకే విలువ దగ్గర నిలిపేయవచ్చు.

ఇవన్నీ ఒక్కొక్కటిగా సరిచేసుకుంటూ పోవడం కన్నా తేలికైన దారి ఉందా? ఉంది. ప్రతి విడతకూ కొత్త డివైస్ తయారుచేసి, సెట్టింగులు పెట్టి, పని అయ్యాక తొలగించడం. కొత్త డివైస్‌లో పాత కుకీలుండవు, పాత క్యాష్ ఉండదు, నిన్న ఎవరో ఇచ్చిన అనుమతులుండవు. ఉన్న డివైస్‌నే వాడాలనుకుంటే ముందు ఆపి, ‘ఇరేజ్’ చేసి, మళ్లీ లేపాలి. నడుస్తున్న డివైస్ మీద ఇరేజ్ పనిచేయదు.

6. బిల్డ్ చేసి టెస్టులు నడపాలి

వెబ్‌కిట్ కోడ్‌లోని ‘టూల్స్’ ఫోల్డర్‌లో ‘స్క్రిప్ట్స్’ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులోని ‘బిల్డ్-వెబ్‌కిట్’ ఇంజిన్‌ను తయారుచేస్తుంది, ‘రన్-వెబ్‌కిట్-టెస్ట్స్’ టెస్టులను నడుపుతుంది. రెంటికీ ఐఓఎస్ సిమ్యులేటర్ అన్న ఆప్షన్ ఇవ్వాలి. మొదటిదానికి ఇచ్చి రెండోదానికి మరిచిపోవడం తరచూ జరిగే పొరపాటు. అప్పుడు స్క్రిప్టు మ్యాక్ బిల్డ్ కోసం వెతుకుతుంది. డీబగ్‌గా బిల్డ్ చేసి రిలీజ్‌గా నడపబోవడం కూడా ఇలాంటిదే.

టెస్టులు నడిపే స్క్రిప్టు తనకు కావాల్సిన సిమ్యులేటర్లను తానే సిద్ధం చేసుకోగలదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మామూలుగా అది అప్పటికే నడుస్తున్న సిమ్యులేటర్ ఉంటే దాన్నే వాడుకోవడానికి ప్రయత్నిస్తుంది. ఒక డెవలపర్ వేరే యాప్ కోసం సిమ్యులేటర్ తెరిచి, అందులో అక్షరాల పరిమాణం పెంచి, అలాగే వదిలేశారనుకుందాం. టెస్టులు అందులోకి వెళితే ఫలితం ఎవరి తప్పు? ‘డెడికేటెడ్ సిమ్యులేటర్స్’ అన్న ఆప్షన్ ఇస్తే స్క్రిప్టు ప్రతిసారీ టెస్టుల కోసమే ప్రత్యేకంగా సిమ్యులేటర్లు సృష్టిస్తుంది. రాత్రివేళ తమంతట తాము నడిచే టెస్టులకు ఈ ఆప్షన్ తప్పనిసరి అనుకోవడం మంచిది.

మొదటిరోజే అన్ని టెస్టులూ నడపనక్కర్లేదు. ఒక చిన్న ఫోల్డర్ పేరు ఇచ్చి అందులోనివే నడిపి, అమరిక సరిగ్గా ఉందని తేలాక మిగతావాటికి పోవాలి. టెస్టు ఫలితాన్ని దాని పక్కనే ‘ఎక్స్‌పెక్టెడ్’ అన్న తోకతో ఉండే ఫైలుతో పోలుస్తారు. ఐఓఎస్‌లో ఫలితం సహజంగానే వేరుగా ఉండాల్సిన టెస్టులకు ‘ప్లాట్‌ఫామ్’ ఫోల్డర్ కింద ఐఓఎస్ కోసం విడి ఫైళ్లుంటాయి. కొత్త టెస్టుకు అలాంటి ఫైలు లేకపోతే స్క్రిప్టు వచ్చిన ఫలితాన్నే కొత్త ఫైలుగా రాసిపెడుతుంది. దాన్ని చదవకుండా అలాగే కమిట్ చేయడం పెద్ద పొరపాటు. ఫలితం తప్పుగా వచ్చి ఉంటే, ఆ తప్పే రేపటినుంచి ఒప్పుగా లెక్కకొస్తుంది.

7. ఒకేసారి ఎన్ని నడపాలో మ్యాక్‌ను బట్టి నిర్ణయించాలి

టెస్టులను పంచుకుని నడిపే చైల్డ్ ప్రాసెస్‌లు పెరిగేకొద్దీ సిమ్యులేటర్లూ పెరుగుతాయి. ఒక్కో సిమ్యులేటర్ లేచేటప్పుడు తన సొంత సర్వీసులను పదుల సంఖ్యలో మొదలుపెడుతుంది. అవన్నీ మ్యాక్ ప్రాసెస్‌లే కాబట్టి మెమరీ కన్నా ముందు, ఒక యూజర్‌కు అనుమతించిన ప్రాసెస్‌ల పరిమితి అయిపోవచ్చు. అప్పుడు వచ్చే లక్షణాలు తికమక పెడతాయి: సిమ్యులేటర్ లేవదు, టెస్టులు టైమౌట్ అవుతాయి, టెర్మినల్‌లో కొత్త కమాండ్ కూడా నడవదు. రెండుతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా పెంచుతూ, మొత్తం సమయం తగ్గడం ఎక్కడ ఆగుతుందో చూడాలి. అక్కడినుంచి ఒక మెట్టు దిగితే చాలు.

8. ఫెయిలైన టెస్టును విచారించాలి

ఫెయిలైన టెస్టును స్క్రిప్టు మామూలుగా మరోసారి నడుపుతుంది. రెండోసారి పాసైతే ఊరట కలుగుతుంది కానీ, ఆ టెస్టు నిలకడ లేనిదని అర్థం. అలాంటి టెస్టును ఒంటరిగా, ఒక్క చైల్డ్ ప్రాసెస్‌తో, చాలాసార్లు నడపాలి. ఒంటరిగా ఎప్పుడూ పాసై, గుంపులో ఫెయిలయితే దానికి ముందు నడిచిన టెస్టు ఏదో మిగిల్చిపోతోందన్నమాట. ఒంటరిగా కూడా అప్పుడప్పుడు ఫెయిలయితే అనుమానం టెస్టులోని సమయపు లెక్కల మీదికి మళ్లాలి. ఏ పేజీ ఎప్పుడు లోడవుతుందో ఊహించి ఆగే టెస్టు కన్నా, పని పూర్తయిందని తానే తెలియజేసే టెస్టు నిలకడగా ఉంటుంది.

క్రాష్ లాగ్‌ల కోసం సిమ్యులేటర్ లోపల వెతికేవారుంటారు. సిమ్యులేటర్ ప్రాసెస్‌లు మ్యాక్ ప్రాసెస్‌లే కాబట్టి అవి మ్యాక్ యూజర్ లైబ్రరీలో, లాగ్స్ కింద డయాగ్నాస్టిక్ రిపోర్ట్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. టెస్టులు ముగిశాక తెరుచుకునే రిజల్ట్స్ పేజీలో రావాల్సిన ఫలితం, వచ్చిన ఫలితం, వాటి తేడా పక్కపక్కన కనిపిస్తాయి. ఆ పేజీని ఎక్స్‌కోడ్ వెర్షన్, రన్‌టైమ్ వెర్షన్, డివైస్ నమూనా వివరాలతో కలిపి భద్రపరచాలి. నెల తర్వాత అదే టెస్టు మళ్లీ ఫెయిలైనప్పుడు ఆ మూడు వివరాలే వెతుకులాటను సగం చేస్తాయి.

వెంటనే బాగుచేయలేని టెస్టును ‘టెస్ట్ ఎక్స్‌పెక్టేషన్స్’ ఫైలులో ఫెయిల్యూర్ అనో టైమౌట్ అనో గుర్తించవచ్చు. ఆ వరుసలో బగ్ నంబరు తప్పక రాయాలి. నంబరు లేని వరుసను తొలగించే ధైర్యం తర్వాత ఎవరికీ రాదు, ఆ టెస్టు అక్కడే శాశ్వతంగా నిద్రపోతుంది.

9. సఫారీ మొత్తాన్ని పరీక్షించాలంటే

ఇంజిన్‌ను సొంతంగా బిల్డ్ చేయకుండా, వెబ్‌సైట్ ఒకటి ఐఫోన్ సఫారీలో సరిగా నడుస్తోందా అని మాత్రమే చూడాల్సినవారికి దగ్గరి దారి వెబ్‌డ్రైవర్. మ్యాక్‌తో వచ్చే ‘సఫారీడ్రైవర్’ను ఒకసారి ‘ఎనేబుల్’ చేసి, ప్లాట్‌ఫామ్ పేరు ఐఓఎస్ అనీ, సిమ్యులేటర్ వాడాలనీ కేపబిలిటీస్‌లో చెప్పాలి. ఐఓఎస్ 13 నుంచి ఇది కుదురుతుంది. ఇక్కడా డివైస్ యూడీఐడీ ఇవ్వడం మరవకూడదు. ఇవ్వకపోతే నప్పే డివైస్‌ను అది తానే ఎంచుకుంటుంది.

10. వాడేసినవి తొలగించాలి

ఎక్స్‌కోడ్ మారినప్పుడల్లా పాత రన్‌టైమ్‌ల మీద కట్టిన డివైస్‌లు పనికిరాకుండా మిగిలిపోతాయి. సిమ్‌సీటీఎల్ ‘డిలీట్ అన్‌అవైలబుల్’ వాటిని తీసేస్తుంది. డిస్క్ నిండిన మ్యాక్‌లో సిమ్యులేటర్ లేవదు కాబట్టి ఈ కమాండ్‌ను వారానికోసారి తనంతట తానే నడిచేలా పెట్టాలి. ఇవన్నీ చేసినా వేగం, మెమరీ, ఫైలు పేర్లు, వేలి స్పర్శ అన్న నాలుగింటికీ మాత్రం సిమ్యులేటర్ సాక్ష్యం చెల్లదు. వాటి కోసం విడుదలకు ముందు అసలు ఐఫోన్ మీద టెస్టులు నడపాల్సిందే.